లార్ప్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ముందు ఈ ఒక్క లెక్క అర్థం చేస్కోండి

పెద్ద మైదానం, కొన్ని వందల మంది కవచాలు తొడుక్కుని డాళ్లు పట్టుకుని అరుచుకుంటూ ఒకళ్ల మీదకి ఒకళ్లు పరిగెడుతుంటారు. కత్తులన్నీ ఫోమ్‌తో చేసినవే. ఒకతని భుజానికి కత్తి తగులుతుంది, అతను వెనక్కి తూలి, మోకాళ్ల మీద కూలబడి, మెల్లగా పక్కకి ఒరిగిపోతాడు. పెద్దగా నొప్పేం లేదు, పక్కన అంపైర్ లేడు, పైన కెమెరా లేదు, ముందే రాసిపెట్టుకున్న సీన్ కూడా కాదు. మరెందుకు పడిపోయినట్టు? ఫాంటసీ లార్ప్ గురించి కొత్తవాళ్లకుండే కన్ఫ్యూజన్‌లో ముప్పాతిక వంతు ఈ ప్రశ్న దగ్గరే చిక్కుకుని ఉంటుందని నాకనిపిస్తుంది, అందుకే కాస్ట్యూమ్ ఎలా కుట్టించుకోవాలి, టెంట్ ఏది కొనాలి లాంటివి తర్వాత చూద్దాం, ముందు ఇది తేల్చుకుందాం.

లార్ప్ అంటే లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్. టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలేస్తూ ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్స్ ఉన్నాయి కదా, అక్కడైతే "నా యోధుడు తలుపు బద్దలు కొట్టాడు" అని నోటితో చెప్తే సరిపోతుంది, ఇక్కడ ఆ యోధుడి బట్టలేస్కుని ఆ తలుపు దాకా మీరే నడవాలి. నాటకం లాగే ఉంటుంది గానీ చూసేవాళ్లంటూ ఎవరూ ఉండరు, అందరూ ఆడేవాళ్లే. డైలాగులు ఎవరూ ఇవ్వరు. సాయంత్రం రాజుగారి దర్బార్లో మీరేం మాట్లాడాలో మీకే కాదు, దాన్ని ఏర్పాటు చేసిన ఆర్గనైజర్లకి కూడా తెలీదు.

చిన్నపిల్లలు దొంగా పోలీస్ ఆడేటప్పుడు చూడండి, ఒకడు వేలు తుపాకీలా పెట్టి "ఢాం! నువ్వు చచ్చావ్" అంటాడు, రెండోవాడు "లేదు, నాకు తగల్లేదు" అంటాడు, ఇక ఆట ఆగిపోయి గొడవ మొదలవుతుంది. ఒకే విషయాన్ని ఇద్దరూ తేల్చబోవడమే ఆ గొడవకి మూలం. లార్ప్ ఈ చిక్కుని ఒక ఒప్పందంతో విప్పేసింది: కొట్టినవాడికి ఆ దెబ్బ గురించి తీర్పు చెప్పే హక్కు లేదు, తగిలిందా, ఎంత గాయమైంది, పడాలా నిలబడాలా అన్నదంతా దెబ్బ తిన్నవాడే లెక్కపెట్టుకోవాలి. మీ పాత్ర తట్టుకోగలిగిన దెబ్బల్ని హిట్లు అంటారు, మీ దగ్గర మూడు హిట్లు ఉంటే మూడో దెబ్బకి మీరే పడిపోవాలి, మీ ఎదుటివాడికి మీ దగ్గర ఎన్ని మిగిలాయో తెలీదు, అడగకూడదు కూడా.

ఇది వినగానే అందరికీ వచ్చే అనుమానం, అలా అయితే ఎవడూ పడిపోడు కదా అని. కానీ జరిగేది దాదాపు దీనికి రివర్స్. ఎందుకంటే ఈ ఆటలో బతికే ఉండటం కంటే బాగా పడిపోవడానికి ఎక్కువ మర్యాద దొరుకుతుంది, గాయమైన చెయ్యి వేలాడేస్కుని మూలుగుతూ సాయం కోసం అరిచేవాడి చుట్టూ పది నిమిషాల కథ పుడుతుంది, దెబ్బలన్నీ దులిపేస్కుని నిలబడ్డవాడి చుట్టూ ఏమీ పుట్టదు. దెబ్బలు లెక్కపెట్టనివాళ్లు అసలు ఉండరా అంటే ఉంటారు, వాళ్ల సంగతి రెండు మూడు ఈవెంట్లలోనే అందరికీ తెల్సిపోతుంది, వాళ్లతో ఆడటానికి ఎవరూ ఇష్టపడరు. మీకు అలాంటివాడు తగిలితే అక్కడికక్కడే "నేను నిన్ను మూడుసార్లు కొట్టాను" అని వాదించకండి, ఫైట్ అయ్యాక రెఫ్‌కి, అంటే రూల్స్ చూస్కునే ఆర్గనైజర్ల తరఫు మనిషికి చెప్పండి. హడావిడిలో చాలాసార్లు మందమైన తోలు కవచం మీద తగిలిన దెబ్బ నిజంగానే తెలీదు, డాలుకి తగిలిందో ఒంటికి తగిలిందో కొట్టినవాడికీ సరిగా కనపడదు, కాబట్టి ఎదుటివాడు మోసం చేశాడని తేల్చేస్కునే ముందు ఇవి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఒప్పందం ఒక్కసారే ఎవరో కూర్చుని రాసింది కాదు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే టేబుల్ గేమ్ వచ్చాక, దాన్ని ఆరుబయట ఆడితే ఎలా ఉంటుందో అన్న ఆలోచన చాలామందికి విడివిడిగా వచ్చింది. 1977లో అమెరికాలో వాషింగ్టన్ డీసీ, మేరీలాండ్ పక్కన డాగర్‌హిర్ మొదలైంది, అది ముఖ్యంగా ఫోమ్ ఆయుధాలతో యుద్ధాలు. 1982లో ఇంగ్లండ్‌లో చెషైర్‌లోని పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ అని మొదలుపెట్టారు, అక్కడ చిన్న చిన్న గుంపులుగా కోట గదుల్లోకి వెళ్లి రాక్షసులతో తలపడేవాళ్లు, అది కొన్నేళ్లకే మూతపడింది గానీ బ్రిటన్‌లో తర్వాత వచ్చిన చాలా క్లబ్బులకి అదే మూలం. 1983లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఆమ్ట్‌గార్డ్ వచ్చింది. ఇప్పుడు చూస్తే జర్మనీలో బ్రోకెలో అనే చిన్న ఊళ్లో జరిగే కాంక్వెస్ట్ ఆఫ్ మిథోడియాకి వేలమంది వస్తారు, కెనడాలో క్యుబెక్‌లో బికోలిన్ అని లార్ప్ కోసమే కట్టుకున్న పాతకాలపు ఊరు ఉంది, ఇళ్లూ వీధులూ సత్రాలూ అన్నీ శాశ్వతంగా అక్కడే ఉంటాయి, ప్రతి వేసవిలో పెద్ద యుద్ధం జరుగుతుంది.

ఈ చరిత్ర కొత్తవాళ్లకి ఎందుకంటే, ఒక్కో దారిలో పెరిగిన లార్ప్‌కి ఒక్కో రకం ఒప్పందం ఉంటుంది, ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికిరాకపోవచ్చు. డాగర్‌హిర్ లాంటి చోట యుద్ధమే ప్రధానం, కథ తక్కువ, దెబ్బ కాస్త గట్టిగానే తగలాలి, లేకపోతే లెక్కలోకి రాదు. ఒకే కథ ఈవెంట్ తర్వాత ఈవెంట్‌గా సాగే క్యాంపెయిన్ గేమ్స్‌లో దెబ్బ తేలిగ్గా తాకిస్తే చాలు, గట్టిగా కొడితే తప్పు. 1993లో వచ్చిన మైండ్స్ ఐ థియేటర్ అనే వాంపైర్ గేమ్‌లో అసలు ఎవరూ ఎవర్నీ ముట్టుకోరు, ఫైట్ వస్తే రాయి కాగితం కత్తెర ఆడి తేల్చుకుంటారు. నార్డిక్ దేశాల్లో ఇంకో రకం, అక్కడ రూల్స్ బాగా తగ్గించేసి, హిట్ పాయింట్ల గోల లేకుండా, మనుషుల మధ్య జరిగేదాని మీద దృష్టి పెడతారు. 1997లో ఓస్లోలో మొదలైన క్నూటెపుంక్ట్ అనే సమావేశం అప్పట్నుంచీ నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ మధ్య తిరుగుతూ ఉంటుంది, లార్ప్ డిజైన్ గురించి సీరియస్‌గా మాట్లాడుకునేది అక్కడే. డెన్మార్క్‌లో హోబ్రో అనే ఊళ్లో 2006 నుంచి ఏకంగా ఒక రెసిడెన్షియల్ స్కూలే ఉంది, ఓస్టర్‌స్కోవ్ అని, పాఠాలు ఎక్కువగా రోల్ ప్లే ద్వారానే చెప్తారు. ఇక జర్మన్ లార్ప్‌లో బాగా వినపడే సూత్రం ఒకటుంది, నువ్వు ఏది చేసి చూపించగలవో అదే నీ పాత్రకి వచ్చు అని. మీ పాత్ర గొప్ప తాళాలు తీసేవాడని కాగితం మీద రాస్కుంటే సరిపోదు, నిజంగా తాళం తియ్యడం రావాలి లేదా తీస్తున్నట్టు నమ్మించాలి. ఇంకొన్ని చోట్ల దీనికి పూర్తి వ్యతిరేకం, పాయింట్లు ఖర్చుపెట్టి ఆ స్కిల్ కొనుక్కుంటే మీ చేతికి రాకపోయినా మీ పాత్రకి వచ్చినట్టే. రెండిట్లో ఏది మంచిదని నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లకి రెండోది సుఖం, ఎందుకంటే నిజజీవితంలో మీకు రానిది ఆడే అవకాశం దొరుకుతుంది.

కాబట్టి మీరు వెళ్లే గేమ్ రూల్‌బుక్ చదవండి. రెండొందల పేజీలున్నా భయపడక్కర్లేదు, అందులో మంత్రాల లిస్టులు, నైపుణ్యాల లిస్టులు, దేశాల చరిత్రలు ఎక్కువ, మీకు మొదటిరోజు కావాల్సింది ఫైటింగ్, సేఫ్టీ, కాల్స్ అనే భాగాలు మాత్రమే.

కాల్స్ అంటే చెప్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నవాడే లెక్కపెట్టాలన్న ఒప్పందం తన అసలు బలం చూపించేది ఇక్కడే. ఫోమ్ కత్తి కనీసం ఒంటికి తగుల్తుంది, మంత్రానికి అదీ లేదు. మంత్రగాడు చెయ్యి చాపి ఒక మాట గట్టిగా అరుస్తాడు, ఆ మాటకి అర్థం అందరికీ ముందే తెలుసు: ఒక కాల్‌కి కిందపడాలి, ఒకదానికి వెనక్కి తగ్గి అతని దగ్గరకి రాకుండా ఉండాలి, ఒకదానికి కాలు పనిచెయ్యనట్టు కుంటాలి. కొన్ని గేముల్లో గుడ్డలో గింజలు కట్టిన చిన్న మూటని మంత్రం చదువుతూ మీ మీదకి విసురుతారు, అది తగిలితే మంత్రం తగిలినట్టు. ఏ రకంగా చూసినా గాల్లోంచి ఏ శక్తీ రాదు, ఆ మంత్రాన్ని నిజం చేసేది దాని దెబ్బ తిన్న మనిషే. మీరు అరిచిన మాటకి ఎదురుగా ఉన్న ఐదుగురు ఒకేసారి వెల్లకిలా పడిపోవడం మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, ఇది మాత్రం అతిశయోక్తి కాదు.

అదే తర్కాన్ని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్తే రాణి ఎలా రాణి అవుతుందో తెలుస్తుంది. ఒకామె తలమీద కిరీటం పెట్టుకుని నేను రాణిని అంటే ఏమీ అవ్వదు. ఆమె టెంట్‌లోకి రాగానే మీరు లేచి నిలబడి, మాట మధ్యలో ఆపేసి, తల వంచితే అప్పుడామె రాణి. అలాగే అందరూ భయపడే హంతకుడిని భయపెట్టేవాడిగా చేసేది మీ భయమే, మహావైద్యుడిని మహావైద్యుడిగా నిలబెట్టేది నొప్పితో గింజుకుంటూ అతని చెయ్యి పట్టుకున్న రోగే. నార్డిక్ లార్ప్ వాళ్లు దీన్ని ప్లే టు లిఫ్ట్ అంటారు, నీ పాత్రని నువ్వు పైకెత్తుకోవడం నీవల్ల కాదు, పక్కవాళ్ల పాత్రని నువ్వు ఎత్తు, నీది వాళ్లెత్తుతారు అని. మొదటిసారి వెళ్లేవాళ్లకి యాక్టింగ్ రాదన్న భయం ఎక్కువ ఉంటుంది, నిజానికి మీకు కావాల్సిన యాక్టింగ్ ఇదొక్కటే, ఎదుటివాళ్లు చేసినదానికి స్పందించడం. ఎవరైనా గొప్ప కత్తివీరుడినని చెప్తే "అయితే నాకు మీరే కావాలి" అనండి, చాలు.

ఇక రెండో చిక్కు, ఆటలో అబద్ధం. లార్ప్‌లో నమ్మకద్రోహం, దొంగతనం, కుట్ర, బెదిరింపు అన్నీ మామూలే, మధ్యాహ్నం మీతో కూర్చుని ప్రాణస్నేహితుడిలా మాట్లాడినవాడు రాత్రికి మీ దళాన్ని శత్రువుకి అమ్మేయొచ్చు. ఇంత నమ్మకం మీద నడిచే ఆటలో ఇంత మోసం ఎలా కుదురుతుంది అంటే, ఒకే మనిషిలో ఇద్దరుంటారు, ఆడే మనిషి ఒకరు, పాత్ర ఒకరు. పాత్ర ఎంతైనా అబద్ధమాడొచ్చు, ఆడే మనిషి ఆడకూడదు. దెబ్బల లెక్క, కాల్స్‌కి స్పందన, సేఫ్టీ మాటలు, ఇవన్నీ ఆడే మనిషివి, వాటితో ఆటలాడితే ఇక పాత్రల అబద్ధాలకి కూడా విలువ ఉండదు. దొంగతనం విషయంలో అయితే ఇంకా స్పష్టంగా ఉంటారు, గేమ్ తాలూకు నాణేలు, గుర్తు వేసిన వస్తువులు, ఉత్తరాలు లాంటివే దొంగిలించొచ్చు, మీ సొంత కత్తి, క్లోక్ (భుజాల మీంచి కప్పుకునే పొడవాటి వస్త్రం), టెంట్‌లో బ్యాగు ఎవరూ ముట్టుకోరు.

టైమ్ ఇన్ అని అరవగానే అందరూ పాత్రల్లోకి వెళ్తారు, టైమ్ అవుట్ దాకా అలాగే. మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లాలన్నా, మందు వేస్కోవాలన్నా, నిజంగా ఏదైనా అడగాలన్నా పాత్రలోంచి బయటికి రావడానికి ఒక సైగ ఉంటుంది, కొన్నిచోట్ల చెయ్యి పైకెత్తి ఉంచడం, కొన్నిచోట్ల పిడికిలి తలమీద పెట్టుకోవడం, కొన్నిచోట్ల తలకి తెల్లగుడ్డ. అలా వెళ్తున్న మనిషి కనపడితే వాళ్లక్కడ లేనట్టే చూడాలి. అలాగే ఆడే మనిషిగా మీకు తెల్సిన విషయం పాత్రకి తెలీకపోవచ్చు, కార్లో వస్తూ ఫ్రెండ్ చెప్పిన రహస్యం పట్టుకుని ఆటలో ఎవర్నో నిలదీస్తే ఆ ఫ్రెండ్ కష్టపడి అల్లుకున్న కుట్ర మొత్తం పాడైపోతుంది. దీన్ని మెటాగేమింగ్ అంటారు, ఎవరికీ నచ్చదు.

ఫైటింగ్ గురించి భయం ఉన్నవాళ్లకి కొంచెం వివరంగా చెప్పాలి. ఆయుధాల లోపల సాధారణంగా ఫైబర్‌గ్లాస్ కడ్డీ, దాని చుట్టూ మందంగా ఫోమ్, పైన లేటెక్స్ పూత ఉంటుంది, బాఫర్లు అనే, చేత్తో చేసుకునే సాదా ఆయుధాలకైతే లోపల పైపు, పైన ఫోమ్, టేప్. విసిరే బాకుల్లో అసలు కడ్డీయే ఉండదు. బాణాల చివర గుండ్రటి పెద్ద ఫోమ్ తల ఉంటుంది, విల్లు ఎంత బలంగా లాగొచ్చు అన్నదానికి కూడా పరిమితి పెడతారు. ఇన్ని చేసినా ఆట మొదలయ్యే ముందు ప్రతి ఆయుధాన్నీ రెఫ్‌లు వంచి, నొక్కి, చివర కడ్డీ ఏమైనా బయటికి పొడుచుకొస్తోందా అని చూసి గానీ లోపలికి రానివ్వరు. తల, మెడ, గజ్జలకి గురిపెట్టకూడదన్నది చాలా గేముల్లో రూల్, పొడవడానికని తయారుచేసిన ఆయుధం కాకపోతే పొడవకూడదు, అదే చోట టకటకా కొడుతూ పోతే ఆ దెబ్బలు లెక్కలోకి రావు. కత్తి తగలబోయే చివరి క్షణంలో చేతిని ఆపుకోవడం నేర్చుకోవాలి, ఇదే కొత్తవాళ్లకి మొట్టమొదట నేర్పేది, భుజంతో కాకుండా మణికట్టుతో కొట్టండి అంటారు. అయినా కమిలిన మచ్చలు ఒకటో రెండో మామూలే, చీలమండ మెలిక పడటం అంతకంటే మామూలు, ఎందుకంటే అసలు ప్రమాదం కత్తుల్లో లేదు, చీకట్లో ఎగుడుదిగుడు నేల మీద పరిగెత్తడంలో ఉంది.

హిట్లన్నీ అయిపోతే వెంటనే చచ్చిపోయినట్టు కాదు. చాలా గేముల్లో కొన్ని నిమిషాల కౌంట్ ఉంటుంది, ఆ లోపల ఎవరైనా వచ్చి కట్టుకడితే బతుకుతారు, ఆ నిమిషాలు మనసులో లెక్కపెట్టుకునేదీ మీరే. యుద్ధం మధ్యలో నేలమీద పడుకుని, పైన అరుపులు వింటూ, మీ దళంవాళ్లు మిమ్మల్ని చూశారా లేదా అనుకుంటూ ఆ లెక్క పెట్టడం లార్ప్‌లో మర్చిపోలేని అనుభవాల్లో ఒకటి. ఫైట్ ఇష్టం లేనివాళ్లకి, ఆరోగ్యం కుదరనివాళ్లకి నాన్ కంబాటెంట్ అనే ఏర్పాటు చాలాచోట్ల ఉంది, ముందే చెప్తే ఏ గుర్తు పెట్టుకోవాలో చెప్తారు, మిమ్మల్ని ఎవరూ కొట్టరు, దగ్గరకొచ్చి నోటితో చెప్తే మీరు లొంగిపోయినట్టు. వైద్యులు, రాయబారులు, గూఢచారులు, పూజారులు, వర్తకులు లేకపోతే అసలు ఏ పెద్ద గేమూ నడవదు కాబట్టి ఇదేదో తక్కువ రకం పాల్గొనడం అనుకోకండి.

పాత్ర తయారుచేస్కోవడంలో కొత్తవాళ్లు ఎక్కువ కష్టపడేది గతం మీద. పాతిక పేజీల కథ రాస్తారు, తల్లిదండ్రుల్ని రాక్షసులు చంపేశారు, అప్పట్నుంచి ఎవర్నీ నమ్మడు, ఒంటరిగా తిరుగుతాడు, ఎవరితో మాట్లాడడు అని. ఇలాంటి పాత్రతో వెళ్తే జరిగేది ఏంటంటే టెంట్ పక్కన ఒంటరిగా నిలబడి ఉంటారు, ఎవరూ పలకరించరు, ఎందుకంటే పలకరించొద్దని మీరే రాస్కున్నారు. మొదటి పాత్రకి కావాల్సింది రేపు ఉదయం ఏం పని ఉంది అన్నదే: ఉత్తరాలు మోసేవాడు, కొత్తగా చేరిన సైనికుడు, వైద్యుడి శిష్యురాలు, పన్ను వసూలుకొచ్చిన గుమాస్తా, తప్పిపోయిన అన్న కోసం వెతుక్కుంటూ వచ్చిన చెల్లెలు. వీళ్లందరికీ పదిమందిని పలకరించడానికి కారణం ఉంది, తెలీని విషయాలు అడగడానికి కూడా హక్కు ఉంది, మీకేం తెలీకపోవడం పాత్రకి సరిగ్గా సరిపోతుంది. పేరు యుద్ధంలో దూరం నుంచి అరిచి పిలవగలిగేంత పొట్టిగా ఉండాలి. వీలైతే ఏదో ఒక గుంపులో చేరండి, చాలా గుంపులు కొత్తవాళ్లని ఆనందంగా చేర్చుకుంటాయి, బట్టలూ ఆయుధాలూ అప్పిస్తాయి.

నిజానికి అన్నిటికంటే మంచి మొదటి అడుగు ప్లేయర్‌గా కాకుండా క్రూలో చేరడం అని నా గట్టి నమ్మకం. ఆర్గనైజర్ల తరఫున రాక్షసులు, బందిపోట్లు, గ్రామస్థులు, దేవదూతల వేషాలు వేసేవాళ్లని ఎన్‌పీసీలు అంటారు, బట్టలు వాళ్లే ఇస్తారు, ఏం చెయ్యాలో రెండు ముక్కల్లో చెప్తారు, వెళ్లి గోబ్లిన్‌గా దాడి చేసి ఓడిపోయి, వెనక్కొచ్చి వేషం మార్చుకుని మళ్లీ వెళ్తారు. ఒక్కరోజులో ఎన్నోసార్లు పడిపోతారు కాబట్టి దెబ్బలు లెక్కపెట్టడం, అందంగా ఓడిపోవడం చేతికి అలవాటైపోతుంది. బ్రిటన్‌లో 2013లో మొదలైన ఎంపైర్ అనే పెద్ద గేమ్‌లో దీన్ని ఆటలోనే భాగం చేసేశారు, పెద్ద యుద్ధాల్లో ఆటలోని కల్పిత దేశాల్లో సగం దేశాల ప్లేయర్లు సొంత పాత్రలతో పోరాడితే మిగతా సగం శత్రుసైన్యం వేషం వేస్తారు, మర్నాడు అటూ ఇటూ మారతారు. ఇవాళ మీరు చంపినవాడే రేపు మిమ్మల్ని చంపుతాడు, అంత పెద్ద యుద్ధానికి అంతమంది శత్రువులు ఇంకెలాగూ దొరకరు కదా.

కాస్ట్యూమ్ సంగతి త్వరగా ముగిస్తాను. డబ్బు పెట్టాల్సింది ముందు బూట్ల మీద, చీలమండ పట్టి ఉంచే బలమైన బూట్లు, రంగు గోధుమో నలుపో అయితే అవి ఏ కాలానివని ఎవరూ అడగరు. మోకాళ్ల దాకా వచ్చే వదులైన ట్యూనిక్, నడుముకి తోలు బెల్టు, ఒక క్లోక్, ఈ మూడూ ఉంటే మొదటి ఈవెంట్ గడిచిపోతుంది. వాచీ తీసెయ్యండి, ఫోన్ సంచిలో లోపలికి పెట్టండి. ఆయుధం కొనకండి, అప్పు తీస్కోండి, తీస్కుంటే లేటెక్స్ కత్తి మొనని నేలకి ఆనించి దాని మీద వాలకండి, మొన దెబ్బతింటుంది, దాని ఓనర్‌కి మనసు చివుక్కుమంటుంది. పొడి సాక్సులు అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి. నీళ్లు తాగడం పాత్రలో ఉన్నప్పుడు అందరూ మర్చిపోతారు, బెల్టుకి వేలాడే సీసా ఉంటే గుర్తుంటుంది.

మొదటి గంట మాత్రం ఇబ్బందిగానే ఉంటుంది, మీ నోట్లోంచి వచ్చే మాటలు మీకే కృతకంగా వినపడతాయి. అది పోవడానికి ఒకటే మందు, ఎవరికైనా పని అడగడం. దళాధిపతి దగ్గరికెళ్లి "నేను కొత్తగా వచ్చాను, ఏం చెయ్యమంటారు" అంటే కాపలా ఉండమనో, ఫలానా టెంట్‌కి ఈ ఉత్తరం ఇచ్చి రమ్మనో చెప్తారు, ఉత్తరం తీస్కెళ్తే అక్కడ ఇంకెవరో చదివి అదిరిపడతారు, అప్పటికే మీరు కథలో ఉన్నట్టు. కొత్తవాళ్లు బోర్ కొట్టిందని చెప్పే చాలా సందర్భాల్లో జరిగింది ఏంటంటే ప్లాట్ తమ దగ్గరకి వస్తుందని కూర్చున్నారు. అది రాదు, గొడవ వినపడిన వైపు మీరే నడవాలి, నలుగురు గుసగుసలాడుతుంటే పక్కన చేరాలి.

సేఫ్టీ విషయానికొస్తే, దెబ్బ తిన్నవాడే లెక్కపెట్టాలన్న మాట ఇక్కడ మనసుకి కూడా వర్తిస్తుంది. ఎవరికైనా నిజంగా గాయమైతే గట్టిగా హోల్డ్ అనో, మాన్ డౌన్ అనో, ఆ గేమ్‌లో ఏ మాట వాడితే అది అరవాలి, విన్న ప్రతివాళ్లూ ఉన్నచోటే ఆగిపోయి ఆ మాట మళ్లీ అరుస్తారు. ఒంటికి తగిలింది సరే, సీన్ మరీ తీవ్రంగా ఉండి మీవల్ల కాకపోతే? నార్డిక్ గేముల్లో కట్ అంటే సీన్ మొత్తం ఆగిపోతుంది, బ్రేక్ అంటే కొంచెం తగ్గించి నడిపిస్తారు. చాలాచోట్ల లుక్‌డౌన్ అని ఉంది, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని అక్కణ్నుంచి నడిచి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఆపరు, తర్వాత కూడా ఎందుకని అడగరు. పక్కన ఎవరైనా ఏడుస్తుంటే అది పాత్ర ఏడుపో మనిషి ఏడుపో మీకు తెలీకపోతే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఓకే సైగ చూపించండి, వాళ్లు బొటనవేలు పైకి చూపిస్తే ఆట, అడ్డంగానో కిందకో చూపిస్తే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లండి. ఎంత బాధ ఎక్కువో తేల్చేది ఆ బాధ పడుతున్న మనిషే, నాకు బానే ఉంది కదా నీకేంటి అనే మాటకి ఇక్కడ చోటు లేదు. ఏ గేమ్‌కైనా పేరిచ్చే ముందు వాళ్ల రూల్స్‌లో ఈ భాగం ఉందో లేదో చూడండి, లేకపోతే ఆ గేమ్ ఎంత అందంగా కనపడినా నేనైతే మొదటిసారికి వద్దంటాను.

పాత్రకి జరిగింది ఆడే మనిషికి కూడా అంటుకుంటుంది, దాన్ని బ్లీడ్ అంటారు. పాత్రని మోసం చేసినవాడి మీద ఆట అయ్యాక కూడా కోపం పోకపోవచ్చు, పాత్ర ప్రేమించిన మనిషి మీద మీకే మమకారం పుట్టొచ్చు, ఆఫీసులో చిరాకుగా ఉండి వచ్చినవాడు పాత్రలో అనవసరంగా క్రూరంగా ఉండొచ్చు. ఇది అందరికీ జరిగేదే, అందుకే టైమ్ అవుట్ అయ్యాక మిమ్మల్ని మోసం చేసినవాడి దగ్గరికి వెళ్లి అసలు పేరుతో పరిచయం చేస్కోండి, ఆ కుట్ర ఎలా అల్లాడో అడగండి, అతను సంబరంగా చెప్తాడు. ఎవరిమీదైనా ప్రేమ లాంటిది అనిపిస్తే కొన్ని వారాలు ఆగి చూడటం మంచిది. ఈవెంట్ అయిన రెండు మూడు రోజులకి దిగులుగా ఉండటం కూడా చాలామందికి ఉంటుంది, నిద్ర లేకపోవడం, రోజంతా నడక, తర్వాత ఒక్కసారిగా మామూలు సోమవారం, ఇవన్నీ కలిసి వచ్చేది అది.

పాత్ర చచ్చిపోతే చాలా క్యాంపెయిన్లలో అదే ఈవెంట్‌లో కొత్త పాత్రతో తిరిగి రావచ్చు, లేదంటే మిగతా రోజంతా క్రూలో వేషాలు వెయ్యొచ్చు, ముందే రెండో పాత్ర ఒకటి ఆలోచించి పెట్టుకుంటే ఆ బాధలో కూర్చుని పేరు వెతుక్కోనక్కర్లేదు. బతికుంటే మాత్రం ఈవెంట్‌కీ ఈవెంట్‌కీ మధ్య మీ పాత్ర ఏం చేస్తోందో ఆర్గనైజర్లకి రాసి పంపే డౌన్‌టైమ్ అనేది కొన్ని గేముల్లో ఉంటుంది, దానికి గడువు తేదీ ఉంటుంది, ఇంటికెళ్లి పడుకునే ముందు కనీసం ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారో ఒక కాగితం మీద రాస్కోండి, వారం తిరిగేసరికి సగం పేర్లు గుర్తుండవు.